బొట్టును బయట కట్టేయకండి

దసరా సెలవులకు మదనపల్లె వెళ్లి పదకొండో రోజున తిరిగొచ్చాం. ఇంటి తాళం తీసి, చేతిలోని సంచి ఇంకా కింద పెట్టకుండానే హాల్లో నాలుగడుగులు వేశాను. పోపులో ఆవాలు చిట్లి కాళ్లమీద పడినట్టు అనిపించింది. లైటు వేసి చూసుకుంటే తెల్ల సాక్సుల మీద నల్లటి చుక్కలు. చూస్తుండగానే అవి పైకి పాకుతున్నాయి. ఒకటి రెండు ఎగిరి చుడీదార్ అంచు మీద పడ్డాయి. మా అమ్మాయి గుమ్మంలోనే నిలబడి నా కాళ్లవైపు వేలు చూపిస్తూ, "అమ్మా, పద్నాలుగు" అంది. లెక్కపెట్టడం దానికి అప్పటికే అలవాటైపోయింది.

పదకొండు రోజులుగా ఆ ఇంట్లో మనిషి లేడు, కుక్క లేదు. అయినా అవి ఉన్నాయి, ఆకలి మీద ఉన్నాయి. ఇదే ఆగస్టులో జరిగి ఉంటే అక్కడే కూలబడి ఏడ్చేదాన్ని. అక్టోబరు నాటికి సంగతి తెలిసింది గనక, వెనక్కి వెళ్లి కారులో నిద్రపోతున్న మా కుక్కను లేపి, అందరికన్నా ముందు దాన్నే ఇంట్లోకి తోలాను. పై అంతస్తు బాల్కనీలోంచి చూస్తున్న ఓనర్ ఆంటీ నాకు మతి పోయిందనే అనుకుని ఉంటారు.

కుక్క పేరు బొట్టు. ఒళ్లంతా గోధుమ రంగు, నుదుట మాత్రం రూపాయి బిళ్లంత తెల్లమచ్చ. ఐదేళ్ల కిందట మా వీధిలోనే పుట్టిన పిల్ల. మేముండేది బెంగళూరులో, కె.ఆర్. పురం దాటాక, కింది అంతస్తు అద్దె ఇల్లు. ముందు చిన్న పోర్టికో, పక్కన సంపు, గోడ వారగా ఒక కరివేపాకు చెట్టు, దాని కింద గచ్చు లేని మట్టి. బొట్టు మధ్యాహ్నపు నిద్ర ఆ మట్టిలో, రాత్రి నిద్ర హాల్లో దివాన్ కింద, మా అత్తమ్మ పాత చీరలతో కుట్టిన బొంత మీద. ఈ రెండు చోట్లూ గుర్తుంచుకోండి, కథ అంతా అక్కడే.

2024 ఆగస్టులో వానలు పట్టుకున్నప్పుడు బొట్టు గోక్కోవడం మొదలుపెట్టింది. ముందు మేమెవరం పట్టించుకోలేదు. కుక్క అన్నాక గోక్కుంటుంది. తర్వాత అది తోక మొదట్లో, వెనక తొడల మీద పళ్లతో కొరుక్కోవడం చూశాను. నడుం దగ్గర వెంట్రుకలు పలచబడి గులాబీ రంగు చర్మం కనిపించింది. అప్పుడే మదనపల్లె నుంచి వచ్చిన అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి చూసి, "పిడుదులు" అని తేల్చేశారు. ఆవిడ పుట్టింట్లో ఇరవై పశువులుండేవట. చెవుల వెనక, గిట్టల సందుల్లో పట్టుకున్న పిడుదులను గిల్లి తీసి కిరసనాయిలు డబ్బాలో వేయడం ఆవిడకు చిన్నప్పటి పని. అయితే ఈ పురుగు ఆవిడ గోటికి చిక్కలేదు. వెంట్రుకలు విడదీయగానే సర్రున జారుకుంటుంది, పట్టుకోబోతే మాయమవుతుంది. "పిడుదు ఎగరదే" అని ఆవిడకే అనుమానం వచ్చింది. పేను కాదు, అది పాకుతుంది. నల్లి కాదు, అది మంచంలో ఉంటుంది. మా ఇంట్లో ఉన్న పేర్లన్నీ అయిపోయాయి.

పేరు చెప్పింది ఓనర్ ఆంటీ. మెట్లు దిగుతూ ఒక్క చూపు చూసి, "అయ్యో, ఇదు చిగట" అన్నారు. జంతువుల ఒంటి మీద నెత్తురు తాగుతూ ఎగిరి దూకే ఈ చిన్న పురుగును ఇంగ్లీషులో ఫ్లీ అంటారు, కన్నడంలో చిగట. ఆ రోజు నుంచి మా ఇంట్లో అవి చిగటలే.

పేరు తెలియకపోవడం వల్ల నష్టం చిన్నదేమీ కాదు. అప్పటికే పిడుదుల వైద్యం మూడు రకాలు జరిగిపోయింది. మొదట వేపాకు కాచిన నీళ్ల స్నానం. దానివల్ల చెడేమీ జరగలేదు, మంచీ జరగలేదు. తర్వాత పెంపుడు జంతువుల దుకాణం నుంచి తెచ్చిన షాంపూ. ఆ పూట స్నానపు నీళ్లలో చచ్చినవి తేలాయి, మేం సంబరపడ్డాం, మూడో రోజుకు మళ్లీ మొదటికొచ్చింది. మూడోది నేను చేసిన తప్పు. కొబ్బరినూనెలో కర్పూరం నూరి కలిపి నడుం మీద రాశాను. ఇంట్లో దేవుడి దగ్గర వెలిగించేదే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. కుక్క తన ఒంటిని నాక్కుంటుందన్న ఆలోచన రాలేదు. గంట తిరిగేసరికి నోటివెంట చొంగ, రెండు సార్లు వాంతి, కాళ్లు వణుకుతున్నాయి. పశువుల డాక్టరమ్మకు ఫోను చేస్తే, గిన్నెలు తోమే సబ్బు ద్రావణంతో వెంటనే కడిగేసి తీసుకురమ్మన్నారు. కర్పూరం కుక్కలకు విషమని, ఎక్కువైతే మూర్ఛ కూడా రావచ్చని ఆటోలో కూర్చున్నాకే తెలిసింది.

డాక్టరమ్మది కోలారు. ఆ వైపు వాళ్ల తెలుగులో చివర కాస్త కన్నడం తగులుతుంది, వినడానికి ముద్దుగా ఉంటుంది. ఆ రోజు మాత్రం ముద్దుగా లేదు. బొట్టును పరీక్షించి, గండం గడిచిందని చెప్పాక, నన్ను బల్ల దగ్గరికి పిలిచారు. సన్నటి పళ్ల దువ్వెనతో తోక మొదట్లో రెండు సార్లు దువ్వి, వచ్చిన నల్లటి నలుసులను తడి దూది మీద దులిపారు. చూడటానికి అది మామూలు మట్టే. అర నిమిషం ఆగమన్నారు. ఒక్కొక్క నలుసు చుట్టూ ఇటుక రంగు వలయం పుట్టి, మెల్లగా దూదిలోకి పాకింది. "మట్టి అయితే ఇలా కరగదు. ఇది మీ కుక్క నెత్తురే. చిగట తాగి, అరిగీ అరక్కుండా విసర్జించింది" అన్నారు. ఆ దూదిని అత్తమ్మ చాలాసేపు చూశారు. ఇంటికొచ్చాక కూడా ఆవిడ మాట్లాడలేదు.

ఆ పూట డాక్టరమ్మ చెప్పిన లెక్క నా తలకెక్కడానికి కొన్ని రోజులు పట్టింది. కుక్క ఒంటి మీద కనిపించేవి పెద్ద పురుగులు. ఇంట్లో ఉన్న మొత్తం సంతానాన్ని వందగా తీసుకుంటే ఇవి సుమారు ఐదు. మిగతా తొంభై ఐదూ గుడ్లు, వాటిలోంచి వచ్చే పిల్ల పురుగులైన లార్వాలు, గూళ్లలో పెద్ద పురుగులుగా మారుతున్న ప్యూపాలు. అవి కుక్క మీద ఉండవు, మన ఇంట్లో ఉంటాయి. ఆడ చిగట రోజుకు నలభై, యాభై గుడ్ల దాకా పెడుతుంది. గుడ్డు జిగురుగా ఉండదు, అందుకని కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ, ఎక్కడ ఒళ్లు దులుపుకుంటే అక్కడ రాలిపోతుంది. లార్వా వెలుతురు అంటే పారిపోతుంది, మంచాల కిందికీ గోడల అంచుల్లోకీ చేరుతుంది. అది బతికేది పెద్దవి విసర్జించిన ఆ ఎండు నెత్తురు తిని. అంటే తల్లి పైనుంచి గుడ్లతోపాటు పిల్లలకు అన్నం కూడా రాలుస్తుందన్నమాట. ఆ ఏర్పాటు చూసి నాకు కాస్త అసూయ కూడా కలిగింది.

పెద్దవాటిని షాంపూతో చంపితే నేల మీద నుంచి కొత్తవి ఎక్కుతాయి. మా మూడు రోజుల సంబరానికి అదీ కారణం. పైగా వీటికి కావలసిన వాతావరణం, ఇరవై నుంచి ముప్పై డిగ్రీల వేడి, గాలిలో డెబ్బై శాతానికి పైన తేమ, వానాకాలపు బెంగళూరులో అచ్చంగా దొరుకుతుంది. మనం ఈ ఊరి చల్లదనాన్ని చూసి మురిసిపోతాం, చిగటలూ అంతే.

మందు రాసిచ్చే ముందు డాక్టరమ్మ బొట్టును తూచారు, 17.6 కిలోలు. "ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా?" అని రెండు సార్లు అడిగారు. నెలకొకటి చొప్పున నమిలి మింగే మాత్ర అది. దాని కుటుంబానికి చెందిన మందులతో కొన్ని కుక్కలకు వణుకు, మూర్ఛ వచ్చే వీలుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. అందుకని ఆ ప్రశ్న. కర్పూరం వణుకు పూర్తిగా తగ్గేదాకా నాలుగు రోజులు ఆగి, ఆ తర్వాతే మొదటి మాత్ర ఇచ్చారు. కనీసం మూడు నెలలు ఆపకూడదన్నారు.

ఈలోగా ఇంట్లో వేరే గొడవ మొదలైంది. ఓనర్ అంకుల్ బసవనగుడిలో పుట్టి పెరిగిన మనిషి. చిగట అనే మాట చెవిన పడగానే ఆయనకు ప్లేగు గుర్తొచ్చింది. 1898లో బెంగళూరును ప్లేగు ఊడ్చేసినప్పుడు ఇరుకు పేటలు వదిలి జనం బసవనగుడికీ మల్లేశ్వరానికీ తరలిన కథ వాళ్ల తాతగారు చెప్పేవారట. ఈ ఊళ్లో ఇప్పటికీ ప్లేగు మారమ్మ గుళ్లున్నాయి. ప్లేగును ఎలుకల నుంచి మనుషులకు మోసుకొచ్చేది చిగటలేనని పాల్ లూయీ సిమోం అనే ఫ్రెంచి వైద్యుడు కరాచీలో ప్రయోగం చేసి చూపింది కూడా ఆ 1898లోనే. అంకుల్ భయానికి చరిత్ర మద్దతుంది. నేను కాదనలేకపోయాను. కుక్కను ఇంట్లోంచి తీసేసి పోర్టికోలో కట్టేయమన్నారు. మా ఆయన సరేనన్నారు. అత్తమ్మ ఎప్పటి నుంచో అంటున్నదే అది. నేనూ గొలుసు తెచ్చి స్తంభానికి తగిలించాను.

రాత్రి మనసొప్పక డాక్టరమ్మకు సందేశం పెట్టాను. వెంటనే ఫోను చేశారు. ప్లేగు సంగతి ముందు తీసిపారేశారు. అది ఎలుకల చిగట, మీ ఇంట్లోది వేరే జాతి, పేరుకు పిల్లి చిగట, కుక్కల మీదా ఎక్కువగా ఉండేది అదే అన్నారు. ఆ తర్వాత చెప్పిన మాటే నాకు ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైనది. "బొట్టును బయట కట్టేయకండి. మీ ఇంట్లో ఇప్పుడున్న మందు అదే."

నాకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పారు. మాత్ర మింగిన కుక్కను కుట్టిన చిగట కొన్ని గంటల్లో చస్తుంది. కొత్తగా పుట్టిన చిగట గుడ్లు పెట్టాలంటే మొదటి నెత్తురు తాగాక ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆలోపే అది చచ్చిపోతే సంతానం అక్కడితో తెగిపోతుంది. కుక్క ఇంట్లో తిరుగుతుంటే, నేలలో పుట్టినదల్లా దాని మీదికే ఎక్కుతుంది, ఎక్కినదల్లా చస్తుంది. కుక్కను బయట కట్టేస్తే, ఇంట్లో పుట్టినవి మీ కాళ్ల మీదికి ఎక్కుతాయి. మీకు మాత్ర ఇవ్వలేను కదా అని నవ్వారు.

అర్ధరాత్రి లేచి గొలుసు విప్పాను. బొట్టు ఏమీ జరగనట్టు వెళ్లి దివాన్ కింద పడుకుంది. పొద్దున అత్తమ్మకు చెబితే, "అంటే దీన్ని ఎర వేశామా?" అన్నారు. అంతేనన్నాను. ఆవిడకు ఆ మాట నచ్చింది. గేదెలకు కొట్టే మందు తెప్పించమంటావా అని మా బావగారు మదనపల్లె నుంచి ఫోను చేస్తే, వద్దని ఆవిడే చెప్పేశారు. ఆ మందు ఎంత నీటికి ఎంత కలపాలో తెలియని చోట కుక్క ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ అంతకుముందే అని ఉన్నారు.

ఇక ఇల్లు. దివాన్‌ను నలుగురం కలిసి ముందుకు లాగాం. బొంత కింద టార్చి వేసి చూశాను. బొంబాయి రవ్వలో మిరియాల పొడి రాలినట్టుంది. తెల్లటివి గుడ్లు, నల్లటివి ఎండు నెత్తురు. నేల పలకలకూ స్కర్టింగ్ రాయికీ మధ్య సందులో దారప్పోగుల్లాంటి తెల్లటి పురుగులు నాలుగైదు, వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ లోపలికి దూరాయి. అంతకుముందు రోజే అక్కడ కూర్చుని నేను బీన్స్ తుంచాను. మాది మెరిసే టైల్సు ఇల్లు, తివాచీలు లేవు, మాకేం భయం అనుకునేదాన్ని. ఒక బొంత, ఒక జనపనార పట్ట, ఒక సందు చాలు వాటికి.

బొంతను పారేద్దామన్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. అందులో ఆవిడ పెళ్లినాటి చీర ముక్క ఉంది. పెరట్లో పొయ్యి పెట్టి, పాత రాగి అండాలో నీళ్లు మరిగించి, బొంతను ముంచి కర్రతో తిప్పారు. అరవై డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే గుడ్ల నుంచి పెద్దవాటి దాకా అన్నీ చస్తాయని డాక్టరమ్మ చెప్పారు. అత్తమ్మ ఎందుకైనా మంచిదని వంద దాకా తీసుకెళ్లారు. రంగులన్నీ కలిసిపోయి బొంత ఊదా రంగులోకి వచ్చింది. ప్రతి వారం ఇదే తంతు. దిండు గలీబులు, దుప్పట్లు, సోఫా తొడుగులు వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్ల మీద వేశాం. ఎండ పెడదామంటే ఆ నెలలో ఈ ఊళ్లో ఎండ ఎక్కడిది?

అటక మీద మూడేళ్లుగా నిద్రపోతున్న వ్యాక్యూమ్ క్లీనర్ కిందికి దిగింది. రోజూ ఒకసారి, ఇరవై రోజులు. దివాన్ కింద, సోఫా కుషన్ల సందుల్లో, గోడల అంచు వెంట సన్నటి మూతి తగిలించి. చీపురు వాటిని ఒక మూల నుంచి ఇంకో మూలకు మారుస్తుందే తప్ప తీసేయదు. లాగిన దుమ్మును వెంటనే కవరులో కట్టి, వీధి చివర చెత్త బండిలో వేసి రావాలి. లేకపోతే బతికున్నవి మిషన్ గొట్టంలోంచి వెనక్కి రావచ్చు. మొదటి వారం ఆ పని మా ఆయన చేశారు. రెండో వారం నుంచి ఆయనకు నడుం నొప్పి వచ్చింది.

దువ్వెన పని అత్తమ్మది. ఊరి నుంచి ఆవిడ తెచ్చుకున్న చెక్క పేల దువ్వెన ఒకటుంది, రెండు వైపులా సన్నటి పళ్లు, మధ్యలో నూనె పట్టి నల్లబడిన నడుం. రోజూ సాయంత్రం దీపం పెట్టాక బొట్టును తన కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, పక్కన సబ్బునీళ్ల గిన్నె పెట్టుకుని, మెడ నుంచి తోక దాకా దువ్వేవారు. పళ్ల మధ్య చిక్కినదాన్ని గోటితో నొక్కబోతే జారిపోతుందని రెండో రోజుకే తెలుసుకున్నారు. చిగట పక్కల నుంచి నొక్కినట్టు పలచగా ఉంటుంది, ఒళ్లు గట్టిది. దువ్వెనను సూటిగా సబ్బునీళ్లలో ముంచి ఝాడిస్తే మునుగుతుంది. ఉత్త నీళ్లలో అయితే తేలి మళ్లీ ఎగురుతుంది. ఐదేళ్లుగా బొట్టును ఆవిడ ముట్టుకున్నది లేదు. అది ఇప్పుడు ఆరు గంటలయ్యేసరికి తనే వెళ్లి ఆవిడ ముందు వీపు తిప్పుకుని కూర్చునేది.

లెక్కలు మా అమ్మాయివి. రాత్రి హాల్లో నేల మీద ఒక వెడల్పాటి తెల్ల పళ్లెం, అందులో నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, పైన జానెడు ఎత్తులో టేబుల్ లైటు. వెలుతురుకూ వేడికీ ఎగిరొచ్చిన చిగటలు నీళ్లలో పడతాయి. ఇది వైద్యం కాదు, కొలబద్ద. ఇల్లు ఎలా ఉందో తెలుసుకోవడానికి పనికొస్తుంది. పడినవాటిని లెక్కపెట్టి మా అమ్మాయి తన గణితం పుస్తకం చివరి పేజీలో రాసుకునేది. మొదటి రాత్రి పదకొండు, తర్వాత తొమ్మిది, ఏడు, ఏడు, నాలుగు. నేను స్వీటు చేద్దామనుకుంటున్న రోజున పంతొమ్మిది. మర్నాడు ఇరవై మూడు.

ఓపిక తెగి పురుగుల మందు కొట్టేవాణ్ని పిలిచాను. వచ్చినవాడు వాసన లేని మూలికల మందు అన్నాడు. పేరేమిటంటే కంపెనీ రహస్యమన్నాడు. సీసా చూపించమంటే డబ్బాలో కలిపేశానన్నాడు. మూలికలైతే మూతికి అంత మందపాటి ముసుగెందుకో అడిగి పంపించేశాను. డాక్టరమ్మకు ఫోను చేసి గట్టిగానే అన్నాను, మందు పనిచేయడం లేదని. ఆవిడ నెమ్మదిగా, బొట్టు ఒంటి మీద ఎన్నున్నాయని అడిగారు. దువ్వెనకు ఒకటి రెండు, అవీ తూలుతున్నాయన్నాను. అయితే మందు పనిచేస్తోందన్నారు.

ప్యూపా గురించి అప్పుడు చెప్పారు. లార్వా తన చుట్టూ జిగురు పట్టు గూడు అల్లుకుంటుంది, దానికి దుమ్ము అంటుకుని నలుసులాగే కనిపిస్తుంది. ఆ గూట్లోకి ఏ మందూ సరిగ్గా చొరబడదు. లోపల పురుగు తయారైపోయినా వెంటనే బయటికి రాదు. పైన ఏదో ఒక ప్రాణి ఉందని తెలియాలి. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి, వీటిలో ఏదో ఒకటి తగలాలి. అప్పటిదాకా వారాలు, ఒక్కోసారి నెలలు ఆగుతుంది. నేను రోజూ వ్యాక్యూమ్ తిప్పుతున్న అదురుకే గూళ్లు తెరుచుకుంటున్నాయి. ఇప్పుడు పెరిగినవి పాత అప్పు తీరుతున్న లెక్క, కొత్త అప్పు కాదు అన్నారు.

అయినా నా కంగారు చూసి, కొట్టించాలనుకుంటే గుడ్లూ లార్వాలూ పెద్దవి కాకుండా ఆపే మందు ఉన్నది చూసుకోమని, పైరిప్రాక్సిఫెన్ అనే పేరు కాగితం మీద రాసిపెట్టుకోమన్నారు. రెండో మనిషి సీసా తెచ్చి లేబులు చూపించాడు. అందులో ఆ పేరుంది. పెద్దవాటిని చంపే ఇంకో మందు కూడా ఉంది, అది చేపలకు ప్రాణాంతకం. అమ్మాయి గప్పీ చేపలను పైఇంట్లో పెడదామంటే అక్కడ పిల్లి, ఎదురింట్లో పెట్టాం. గోడల అంచులు, దివాన్ కింద, సోఫా అడుగున మాత్రమే కొట్టాడు. పూర్తిగా ఆరేదాకా, ఐదు గంటలు, అందరం బయటే ఉన్నాం. పది రోజులు ఆ అంచుల్లో తడిగుడ్డ పెట్టవద్దన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే అది లేకపోయినా ఇల్లు బాగుపడేదేమో, ఇంకో నెల పట్టేది.

పిల్లి అంటే గుర్తొచ్చింది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లకముందు, షాంపూతోపాటు నేనొక చిన్న గొట్టం మందు కూడా కొన్నాను, కుక్క మెడ మీద పోసేది. మాత్ర వచ్చాక దాన్ని వాడలేదు. ఓనర్ ఆంటీ పిల్లి కూడా గోక్కుంటోందట, అది ఇస్తావా అని అడిగారు. వాడని మందు, వృథా ఎందుకని తీసి చేతిలో పెట్టబోయి, పెట్టె మీది చిన్న అక్షరాలు చదివాను. పర్మెత్రిన్ అని ఉంది. డాక్టరమ్మకు ఫొటో పంపాను. ఫోను ఎత్తడమే "ఇచ్చేశారా?" అన్నారు. కుక్క తట్టుకునే ఆ మందును విరిచేయగల శక్తి పిల్లి కాలేయానికి లేదు, వణికి వణికి చస్తుందన్నారు. ఆంటీ పిల్లిని ఆ సాయంత్రమే క్లినిక్‌కు తీసుకెళ్లి దానికి తగిన మందు వేయించారు. ఆ పిల్లి మా పోర్టికో గోడ మీదే పడుకుంటుంది గనక, దానికి మందు పడకపోతే మా ఇరవై రోజుల వ్యాక్యూమ్ గాలిలో కలిసినట్టే.

సెప్టెంబరులో ఇంకొకటి. బొంత మీద అన్నం మెతుకు ఉందని తీయబోయిన అమ్మాయి కెవ్వున అరిచింది. మెతుకు కదిలింది. ఎండితే దోసగింజలా ఉంది. బద్దెపురుగు ముక్క. లార్వాగా ఉన్నప్పుడే చిగట ఆ పురుగు గుడ్లు తింటుంది, ఒళ్లు కొరుక్కుంటూ కుక్క ఆ చిగటను మింగుతుంది, పురుగు పేగుల్లో స్థిరపడుతుంది. దానికి వేరే మాత్ర, అదీ బరువును బట్టి. పిల్లలు పొరపాటున చిగటను మింగితే వాళ్లకూ రావచ్చు, అరుదుగా. ఈ మాట విన్నాక ఇంట్లో చేతులు కడుక్కోవడం ఎంత పెరిగిందంటే, ఆ నెల సబ్బు రెండు బిళ్లలు ఎక్కువ ఖర్చయింది.

కరివేపాకు చెట్టు కింద మట్టిని మా ఆయన రెండంగుళాలు గీసి తీసేసి, కింది కొమ్మలు కొట్టి వెలుతురు పడేలా చేశారు. ఎండ సూటిగా తగిలి ఆరిన చోట లార్వాలు బతకవు. వీధి కుక్కలు గేటు సందులోంచి వచ్చి అక్కడ పడుకోకుండా ఒక ఇనుప జాలీ కట్టాం. బొట్టు మూడు రోజులు అలిగి, తర్వాత సంపు మూత మీదికి మకాం మార్చింది.

అందుకే దసరా తర్వాత ఆ సాయంత్రం నేను ఏడవలేదు. పదకొండు రోజులు అదురు లేదు, వేడి లేదు, ఊపిరి లేదు. గూళ్లలో తయారైనవన్నీ మా కోసమే కాచుకుని, మొదటి అడుగుకే లేచాయి. బొట్టుకు సెప్టెంబరు చివర రెండో మాత్ర పడింది. అది హాలంతా వాసన చూస్తూ రెండు చుట్లు తిరిగి, దివాన్ కింద దూరి పడుకుంది. మేం నలుగురం పోర్టికోలో కుర్చీలు వేసుకుని, దారిలో హోస్కోటేలో కట్టించుకున్న ఇడ్లీలు అక్కడే తిన్నాం. ఆ రాత్రి పళ్లెంలో ముప్పై ఒకటి, మా ఇంటి చరిత్రలో అదే పెద్ద అంకె. పొద్దున అత్తమ్మ బొట్టును దువ్వితే ఆరు చచ్చినవి రాలాయి. బయట వాన ఆగకుండా కురిసిన ఆ వారమంతా అంకె దిగుతూ వచ్చింది. పన్నెండు, ఎనిమిది, మూడు, మూడు, ఒకటి. నవంబరు మొదటి వారంలో వరసగా ఆరు రాత్రులు సున్నా. మాత్ర మాత్రం ఆపలేదు, డిసెంబరులోనూ వేశాం. తోక మొదట్లో వెంట్రుకలు మొలిచాయి, కాస్త ముదురు రంగులో.

నవంబరు చివర మా అమ్మాయి తల గోక్కోవడం మొదలుపెట్టింది. ఇంటిల్లిపాదీ ఒక్క క్షణం ఆగిపోయాం. అత్తమ్మ దాన్ని గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి పాపిడి తీసి చూసి, పెద్దగా నిట్టూర్చారు. పేలు. అచ్చమైన మనుషుల పేలు, బడి నుంచి వచ్చినవి. కుక్కకూ వీటికీ సంబంధం లేదు, ఇవి ఎగరవు, బొట్టు మీద బతకవు. ఆవిడ మొహంలో ఎంత ఊరటో. దువ్వెన పట్టుకు రమ్మన్నారు. బొట్టు గొలుసు పక్కన మేకుకు వేలాడుతున్న చెక్క దువ్వెన తెచ్చిచ్చాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, పళ్ల సందులో ఇరుక్కున్న గోధుమ రంగు వెంట్రుకను చూసి, నాకే తిరిగి ఇచ్చేశారు.

"ఇది బొట్టుది. దీనికి కొత్తది కొనుక్కురా" అన్నారు.